వంతెన దాటని ముసలాయన

అన్న పోయి ఏడాది కావస్తుండగా, ఒక ఆదివారం పొద్దున, వికారాబాద్‌లో నా అద్దె గదిలో కూర్చుని ఒక పాత యుద్ధం ఆటను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. సైనికుడి కళ్ళతో చూస్తూ, చేతిలోని తుపాకీ మాత్రం కనిపిస్తూ ముందుకు నడిచే ఆట. మా చిన్నప్పటిది. ఆడుకుందామని కాదు. మా వదిన నన్నొక ప్రశ్న అడిగింది. దాని జవాబు ఆ ఆటలో ఉందేమోనని నా అనుమానం.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. చావు గురించి పుస్తకాల్లో చాలా చదివాను. అన్న పోయాక వాటిలో ఒక్కటీ తెరవబుద్ధి కాలేదు. వాటిలో మాటలు మరీ బాగున్నాయి. అందుకని ఇక్కడ జరిగింది జరిగినట్టు చెప్తాను.

అన్న తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో పనిచేశాడు. మొదట కోత మిషన్ మీద, తరవాత మేస్త్రీగా. మిషన్ మీద నీళ్ళు పడుతూనే ఉంటాయి, అయినా దుమ్ము లేస్తుంది. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో గట్టిపడిందని పట్నం డాక్టర్లు చెప్పారు. చెప్పేనాటికి చేయగలిగింది పెద్దగా లేదు. చివరి రెండు మూడు రోజులు దవాఖానలో జ్వరం తగ్గలేదు, ఆక్సిజన్ మాస్కు లోపల ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆఖరి పొద్దున నేను మందులకని కిందికి దిగాను. పైకి వచ్చేసరికి అయిపోయింది. దగ్గర వదిన ఒక్కతే ఉంది.

మూడో రోజు పిట్టకు పెట్టాము. మా వైపు అందరికీ తెలిసిందే. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, అందరం దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరు మాట ఇస్తారు. బిడ్డ పెండ్లి చేస్తం, ఫికర్ చేయకు, అని. ఇల్లు చూసుకుంటం, అని. ఏ మాటకు కాకి దిగితే ఆ మాట కట్టుబాటు.

ఆ రోజు కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. బోటి కూర, జొన్నరొట్టె ఎండకు ఆరిపోతున్నాయి. మా మేనమామ, అన్న బిడ్డ పెండ్లి మాట ఎత్తాడు. దిగలేదు. నేను ఆ పిల్ల చదువు చూసుకుంటానని చెప్పాను. దిగలేదు. అప్పుడు వదిన చీర కొంగు సర్దుకొని రెండడుగులు ముందుకు వేసింది.

"ముసలాయన్ని తోల్కొస్త," అంది. "ఇంటికి తోల్కొచ్చి కడుపునిండ పెడ్త. నువ్వు తిను."

ఒక కాకి దిగింది. రొట్టె ముక్క ఎత్తుకుపోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఏ ముసలాయన అని అప్పుడు ఎవరూ అడగలేదు. ఎండ అట్లా ఉంది.

ఆ సాయంత్రం వదినే నన్ను అడిగింది. "ముసలాయన ఎవరు తమ్మీ? పొయ్యేముందు నిన్నే పిలిచిండు. ముసలాయన్ని ఇడిచిపెట్టి రాకు, తోల్కరా అన్నడు."

మా నాయన మా చిన్నప్పుడే పోయాడు. తాతను నేను చూడనే లేదు. నాకు తెలిసిన ముసలాయన ఎవరూ లేరు. "జ్వరం మాటలు వదినా, పట్టించుకోకు," అన్నాను. ఆమె నా ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత తెలిసింది, ఆమె వెతకడం మొదలుపెట్టిందని. టిఫిన్ డబ్బా పట్టుకొని కాగ్నా ఏటి బ్రిడ్జి దగ్గరికి పోయేదట. అక్కడ మక్కకంకులు కాల్చి అమ్ముకునే ముసలాయనను, మా ఆయన నీకు ఎర్కనా అని అడిగిందట. "నాకెవరూ ఎర్కలే బిడ్డా," అన్నాడట ఆయన, "గని అన్నమైతే పెట్టు, యాల్లయింది." పెట్టింది. కానీ ఈయన కాదని ఆమెకే తెలిసింది. ఆ తరవాత యూనిట్‌కు పోయి, ఇక్కడ ముసలి కూలీ ఎవరన్నా ఉండెనా, ఆయన ఏమైండు, అని అడిగింది. కరణ్‌కోట వైపు గనుల్లో పనిచేసేవాళ్ళను కూడా అడిగింది.

అడిగిన ప్రశ్నే తిరిగి తిరిగి వేరే సంగతై ఆమె దగ్గరికి వచ్చింది. యూనిట్‌లో ఒక ముసలోడు బండ కింద పడి పోయిండట, మేస్త్రీ చూసి కూడ వదిలేసి వచ్చిండట, పైసలిచ్చి మూసేసిండ్రట, అందుకే పొయ్యేటప్పుడు ఆయన్నే తలుచుకున్నడట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. యూనిట్‌లో అట్లాంటిదేమీ జరగలేదు. నాకు బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురిని నేనే కనుక్కున్నాను. కానీ వదినకు ఆ మాట లోపలికి పోయింది.

ఆ ఆదివారానికి ముందు నెల, మాసికానికి నేను తాండూరు వెళ్ళినప్పుడు, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, గిన్నెలు తోముతూ నా వైపు తిరగకుండా అడిగింది.

"మీ అన్న ఎవర్నన్న సావనిచ్చిండా?"

"ఛీ, గదేం మాట వదినా."

"మరి ఎందుకన్నడు? ఒక్కసారి కాదు. ఇడిచిపెట్టి రాకు తమ్మీ, బ్రిడ్జి మీదికెళ్ళి తోల్కపోకు, కిందికెళ్ళి తోల్కపో. గట్లనే. మళ్ళ మళ్ళ. బిడ్డకు నేనింకా చెప్పలే. వాళ్ళ హాస్టల్‌ల ఎవరన్న చెప్తే?"

అన్న బ్రిడ్జి మాట అన్నాడని నేను వినడం అదే మొదటిసారి. చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాను.

"జర టైమ్ ఇయ్యి వదినా," అన్నాను. "కనుక్కొని చెప్త."

వికారాబాద్‌కు తిరిగి వచ్చే ప్యాసింజర్‌లో, ధారూర్ దాటేదాకా నేను మా చిన్నప్పటి ఆటలోని ఒక ముసలాయన ముఖం గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. పొడుగు కోటు గుర్తొచ్చింది. ముఖం రాలేదు.

మేము స్కూల్లో చదివే రోజుల్లో తాండూరు బస్టాండ్ ఎదురుగల్లీలో ఒక నెట్ సెంటర్ ఉండేది. నడిపే ఆయనను అందరూ భాయ్ అనేవాళ్ళు. చిన్న గది, మూడు కంప్యూటర్లు, ఒక కూలర్. ఇద్దరికీ కలిపి ఒక సీటుకే పైసలుండేవి కాబట్టి అన్నా నేనూ ఒకే కుర్చీలో చెరో సగం కూర్చునేవాళ్ళం. కుడివైపు అన్న, మౌస్ ఆయనది. ఎడమవైపు నేను, కీబోర్డు నాది. అంటే చూడటం, కాల్చడం అన్న పని. నడవడం నా పని. ఒక సైనికుడికి కాళ్ళు నేను, కళ్ళూ చేతులూ ఆయన.

"ఏయ్, నడువు."

"నువ్వు ముందు సూడు, నడుస్త."

"సూసిన్నే. గోడెనక ఎవరు లేరు. నడువ్‌రా పిరికోడా."

నడిస్తే గోడ వెనక ఎవరో ఉండేవాళ్ళు. తెర ఎర్రగా అయ్యేది. "నువ్వు మెల్లగ నడిసినవు," అనేవాడు అన్న. భాయ్ వెనకనుంచి, "అరే, సచ్చేదైనా మెల్లగ సావుండ్రి, పక్కోళ్ళు పరేషాన్ అయితుండ్రు," అనేవాడు.

ఆ ఆటలో మనుషులు మాట్లాడేవాళ్ళు కాదు. తుపాకులు మోగేవి, బూట్ల చప్పుడు వినిపించేది, గాలి వీచేది. కానీ మనుషుల నోళ్ళు ఊరికే కదిలేవి. ఆఫీసర్ వచ్చి చేతులు ఊపుతూ ఏదో చెప్పేవాడు, మాకు ఏమీ వినిపించేది కాదు. ఆట అంతేనేమో అనుకున్నాం. యుద్ధంలో అరుపుల మధ్య మాటలు వినపడవని అట్లా పెట్టారేమో అనుకున్నాం. ఏం చేయాలో తెలియదు కాబట్టి అన్నే కథ చెప్పేవాడు. నోరు కదిలినప్పుడల్లా దానికి సరిపోయేటట్టు మాట పెట్టేవాడు. ఆఫీసర్‌కు మా పీఈటీ సార్ గొంతు. "లైన్ల నిలవడుండ్రి! ఎవడ్రా అక్కడ నవ్వేది?" ఒక సైనికుడు ఎప్పుడూ గోడకు ఆనుకొని ఉండేవాడు. వాడు నవాబుపేట నుంచి బస్సు దొరకక ఆలస్యంగా వచ్చినవాడు. శత్రువులు ఎవరో, ఎందుకు శత్రువులో మాకు తెలియదు. అన్న లెక్కలో వాళ్ళు బండల గని ఆక్రమించుకోవడానికి వచ్చినవాళ్ళు.

ఆ ఆటలో ఒక మజిలీ దాటితే ఇంకో మజిలీ వస్తుంది. ఒకదానిలో కాలిపోయిన ఊరు ఉంది. ఊరి చివర నీళ్ళ పంపు గది. ఆ గదిలో ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. పొడుగు కోటు, తలకు టోపీ. చేతిలో ఏమీ ఉండదు. దగ్గరికి పోతే లేచి నిలబడి, నోరు కదిలించి, మన వెనకే నడుస్తాడు. అన్న లెక్కలో ఆయన కోట్‌పల్లి దిక్కు గొర్లు కాసుకునేటాయన. ఆయన నోరు కదిలినప్పుడు అన్న గొంతు వణికించి అనేవాడు. "నా గొర్లు కనవడ్డయా బిడ్డా?"

ఊరు దాటితే ఏరు. ఏటి మీద ఇనుప వంతెన. వంతెన అవతల లారీ ఆగి ఉంటుంది. లారీ ఎక్కితే మజిలీ పూర్తి. మేము వంతెన మీద పరుగెత్తితే, సరిగ్గా మధ్యకు వచ్చేసరికి ఎక్కడినుంచో ఒక ఫిరంగి గుండు వచ్చి పడేది. మేము తప్పించుకునేవాళ్ళం. ముసలాయన పడిపోయేవాడు. మేము లారీ ఎక్కితే ఆట మెచ్చుకున్నట్టుగా అక్షరాలు చూపి తరవాతి మజిలీకి పోయేది. ముసలాయన లేకపోయినా దానికి ఫర్వాలేదు.

అన్న మాత్రం ఊరుకునేవాడు కాదు. "మళ్ళ పెట్టు," అనేవాడు. మెల్లగా నడిచి చూశాం. ఆయనను ముందు పెట్టి చూశాం. శత్రువులందరినీ చంపి, ఊరంతా నిశ్శబ్దమయ్యాక నడిచి చూశాం. ప్రతిసారీ గుండు అక్కడే పడింది, ముసలాయన అక్కడే పడ్డాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో చాలా రోజులు అదే చేశాం. ఏట్లోకి మాత్రం దిగలేదు. అంతకుముందు మజిలీలో సముద్రంలో అడుగు పెట్టగానే చచ్చిపోయాం. ఆ ఆటలో నీళ్ళంటే చావే అనుకున్నాం.

"ఏదో తొవ్వ ఉంటదిరా," అనేవాడు అన్న ఇంటికి నడుస్తూ. "లేకుంటే ఆయన్ని గక్కడ ఎందుకు పెడ్తరు?"

ఆ తరవాత నెట్ సెంటర్ మూతపడింది. అన్న పదో తరగతి తరవాత యూనిట్‌లో చేరాడు. నేను చదువుకున్నాను. ఆ ఆట గురించి మేము మళ్ళీ మాట్లాడుకున్న గుర్తు నాకు లేదు.

ఆదివారం పొద్దున ఆటను ఎక్కించి నడపగానే ఆఫీసర్ మాట్లాడాడు.

ఉలిక్కిపడ్డాను. ఇంగ్లీషులో, గట్టిగా, గొంతు బొంగురుతో ఎవడో మాట్లాడుతున్నాడు. అందరూ మాట్లాడుతున్నారు. గోడకు ఆనుకున్న సైనికుడు తన భార్య గురించి ఏదో చెప్తున్నాడు. నేను ల్యాప్‌టాప్ శబ్దం తగ్గించి కాసేపు లేచి అటూ ఇటూ తిరిగాను. అన్న గొంతు ఉండాల్సిన చోట వేరేవాళ్ళ గొంతు ఉంది. ఇది పిచ్చి మాట అని నాకు తెలుసు. అక్కడ అన్న గొంతు ఎప్పుడూ లేదు.

ఆడటం కూడా చేతకాలేదు. ఎడమచేతి వేళ్ళు కీల మీదికి వాటంతట అవే పోయాయి, ఎక్కడ తిరగాలో ఎక్కడ ఆగాలో వాటికి గుర్తుంది. కుడిచేతికి ఏమీ తెలియదు. నడుస్తున్నాను, కానీ ఆకాశం వైపు చూస్తూ నడుస్తున్నాను. నేల వైపు చూస్తూ గోడకు గుద్దుకుంటున్నాను. మొదటి మజిలీ దాటడానికే మధ్యాహ్నం అయింది. పెద్దవనుకున్న మైదానాలు చిన్నవి. చెట్లు అట్టముక్కల్లా ఉన్నాయి, పక్కనుంచి చూస్తే గీతలే. శత్రువుల ముఖాలన్నీ ఒక్కటే. ఇంత చిన్న యుద్ధానికి మేము అంత భయపడ్డామా అనిపించింది.

కాలిపోయిన ఊరికి చేరేసరికి ఇంకో ఆదివారం వచ్చింది. పంపు గదిలో ఆయన ఉన్నాడు. పొడుగు కోటు. ముఖం చూద్దామని దగ్గరికి పోయాను. ముఖం పెద్దగా లేదు. రెండు చుక్కల కళ్ళు, బూడిద రంగు గడ్డం. ఆయన లేచి ఏదో అన్నాడు. ఇంగ్లీషు కాదు, నాకు తెలియని భాష. కింద అక్షరాలేమీ రాలేదు. ఆ వెంటనే రేడియోలో ఆఫీసర్ గొంతు వచ్చింది. ఆ పెద్దమనిషి మన పని కాదు, వదిలేసి రండి, టైమ్ లేదు, అని.

ఆయన వెనకే వచ్చాడు. రేడియో మళ్ళీ అదే మాట అంది. వంతెన మధ్యలో గుండు పడింది.

ఆ సాయంత్రం పాత ఆటగాళ్ళు రాసుకున్న పేజీలు వెతికి చదివాను. ఆ మనిషిని కాపాడటం కుదరదని, వంతెన ఎక్కితే చనిపోయేటట్టు ముందే రాసిపెట్టారని, ఎవరో ఎప్పుడో తేల్చేశారు. కింద ఇంకెవరో నవ్వు బొమ్మ పెట్టారు.

అంటే, వదిలేసి రమ్మన్న మాట అన్నకు ఎప్పుడూ వినపడలేదు. వినపడి ఉంటే వదిలేసేవాడా అని ఆలోచించాను. నాకు తెలియదు.

తాండూరుకు పోయిన రోజు ముందు భాయ్‌ను కలిశాను. ఇప్పుడాయనది మొబైల్ రిపేర్ షాపు. గడ్డం నెరిసింది. అన్న పోయిన సంగతి ఆయనకు తెలుసు, తనవాళ్ళ జనాజాకు పోయినట్టే మా ఇంటి చావుకు వచ్చి చివరిదాకా నిలబడ్డాడు.

"భాయ్, ఆ ఆటల మనుషులు ఎందుకు మాట్లాడకపోయేది?"

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు. "గది అడగనీకి వచ్చినవా?"

"అవ్."

"రిప్ కాపీ, బేటా. అసలుది రెండు సీడీలు. బేగంబజార్‌ల ఒక్కటే సీడీల ఇచ్చేటోళ్ళు. మనుషుల ఆవాజ్ తీసేస్తే పట్టింది. వీడియోలు గూడ తీసేసిండ్రు." నవ్వాడు. "మాటలు తీసేసి గోలీలు ఉంచిండ్రు. పోరగాండ్లకు గోలీలుంటే సాలు అని."

"మేము ఆట అంతే అనుకున్నం."

"మీ ఇద్దరికి ఆవాజ్ ఎందుకు? మీ అన్న ఒక్కడే పదిమంది తీర్ల మొత్తుకుంటుండె. పక్క సీటోళ్ళు నాకు పైసలు వాపస్ అడుగుతుండ్రి." కాసేపు చేతిలోని ఫోన్ వైపు చూశాడు. "ముసలోని గురించి నన్ను గూడ అడిగిండు ఒకసారి. భాయ్, ఈయన బతికే తొవ్వ నీకెర్కనా అని. ఎర్కలేదు అన్న. నేను ఎప్పుడు ఆడిన్నని."

ఇంటికి పోయేసరికి వదిన బియ్యం ఏరుతోంది. చాట పక్కకు పెట్టింది. నా ముఖంలోనే ఏదో కనిపించి ఉంటుంది.

"కనుక్కున్నవా?"

దారంతా ఎట్లా చెప్పాలో అనుకుంటూ వచ్చాను. చెప్తే అన్న మీద ఉన్న నింద పోతుంది. ఆయన ఎవరినీ వదిలేసి రాలేదు. కానీ ఏడాదిగా ఆమె మోసుకు తిరిగిన మాట ఒక ఆటలో మాట అవుతుంది. చెప్పకపోతే ఆమె తన మొగుణ్ణి హంతకుడనుకుంటూ బతుకుతుంది. తూచి చూసేందుకు ఏమీ లేదు, అయినా బస్టాండ్ నుంచి ఇంటిదాకా తూచుకుంటూనే నడిచాను.

చెప్పాను. నెట్ సెంటర్, కుర్చీ, మౌస్, కీబోర్డు, పంపు గది, వంతెన. ఆమె మధ్యలో ఏమీ అడగలేదు.

"అయితే ఎవర్నీ సంపలే."

"లేదు వదినా."

"మంచిదే." మళ్ళీ చాట దగ్గరికి లాక్కుంది. ఒక రాయి ఏరి పారేసింది. "గాలిమాటలు అన్నోళ్ళ నోళ్ళల్ల మన్నువడ. ఇగ వాళ్ళకు చెప్పొచ్చు." ఇంకో రాయి. "ఆటన్నట్టు."

"అవ్."

"పదిహేనేండ్లు నేను అండి పెట్టిన. దవాఖానల పక్కపొంటి కూసున్న. చెయ్యి పట్టుకొని కూసున్న తమ్మీ. పొయ్యేటప్పుడు నన్నొక్కసారి పిలువలే. బిడ్డను పిలువలే. ఆటల ముసలోన్ని తలిసిండు."

జ్వరం వదినా అని మళ్ళీ అనబోయి ఊరుకున్నాను. ఆమె ఏడవలేదు. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

అన్నం తిన్నాక ఆమే అంది. "ఏదీ, సూపియ్యి."

"ఏంది?"

"ముసలాయన్ని. ఏడాదిసంది ఎతుకుతున్న. మొఖమన్న సూడొద్దా?"

ల్యాప్‌టాప్‌ను మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి తెర మీద పడుతుంటే లేచి తలుపు దగ్గరగా వేసింది. ఇద్దరం మంచం అంచున కూర్చున్నాం. మౌస్ ఆమె వైపు జరిపాను.

"నాకు రాదు."

"కాల్చేది లేదు. శత్రువులందర్ని ఇంట్లనే ఖతం చేసి వచ్చిన. నువ్వు దీన్ని మెల్లగ తిప్పు, ఎటు తిప్పితే అటు కనవడ్తది. నేను నడుస్త."

మొదట ఆకాశం చూసింది. తరవాత నేల. "అగో, నా కాళ్ళేవి?" "కాళ్ళు కనవడవు." "మరెట్ల నడుస్తుండు?" "నేను నడిపిస్తున్న గద." "ఓహో," అంది. పంపు గది తలుపు దగ్గరికి నేను నడిచాను. ఆమె మౌస్ తిప్పి తిప్పి చివరికి ఆయన మీద ఆపింది. ఆయన లేచి నోరు కదిలించాడు. ఆ తెలియని భాషలో ఏదో అన్నాడు.

"ఏమంటుండు?"

"నా గొర్లు కనవడ్డయా బిడ్డా అంటుండు."

ఆలోచించకుండానే వచ్చింది నా నోట్లోంచి. గొంతు కూడా వణికింది, అన్న వణికించినట్టే. వదిన నా వైపు తిరిగి చూసింది.

"గొర్లేంది?"

"అన్న చెప్పేటోడు. కోట్‌పల్లి దిక్కు గొర్లకాపరి అని."

వదిన నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "గా తీర్గ బిడ్డకు గూడ కథలు చెప్పెటోడు. బిస్కిట్ ప్యాకెట్ మీది బొమ్మకు గూడ మాటలు పెట్టెటోడు. అన్నం తినకుంటే." నవ్వు అక్కడే ఆగిపోయింది. రేడియో మాట్లాడింది.

"ఈడెవడు?"

"ఆఫీసర్. వదిలేసి రమ్మంటుండు."

"వాని సొమ్మేం పోయింది?"

ఏటి గట్టుకు వచ్చాం. ముందు వంతెన ఎక్కాను, ఏమవుతుందో ఆమె చూడాలని. గుండు పడింది. ముసలాయన పడ్డాడు. ఆమె మౌస్ వదిలేసింది. "మళ్ళ పెట్టు," అంది. అన్న అన్నట్టే అంది. ఆమెకు ఆ సంగతి తెలియదు, నేను చెప్పలేదు.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ పంపు గది, మళ్ళీ గొర్లు, మళ్ళీ ఊరు.

"కిందికెళ్ళి తోల్కపో అన్నడు గద," అంది వంతెన కనపడగానే. "కిందికెళ్ళి పో."

అది నేను ఒక్కడినే ఉన్నప్పుడు చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పలేను. గట్టు దిగాను. వంతెన నీడ పడే చోట ఏరు సన్నగా ఉంది. నీళ్ళలో అడుగు పెట్టాను. చావలేదు. నడుముదాకా కూడా రాలేదు. అన్నకు ఇది ఎప్పుడు తట్టిందో తెలియదు. దవాఖానలో మంచం మీదనో, అంతకుముందు ఎప్పుడో మిషన్ మీద నీళ్ళు పడుతుండగానో.

"ఆయనేడి? నేను ఎనకకు తిప్పుత," అని వదిన మౌస్ తిప్పింది.

ఆయన గట్టు మీద, నీళ్ళకు అడుగు దూరంలో ఆగిపోయి ఉన్నాడు. నేను వెనక్కి పోయి మళ్ళీ దిగాను. రాలేదు. పక్కకు పోయి చూశాను. నీళ్ళ అంచుదాకా వస్తాడు, అక్కడ ఆగుతాడు. ఆయనను తయారుచేసినవాళ్ళు నీళ్ళలో నడవడం నేర్పలేదు. గుండు పడలేదు. వంతెన ఎక్కితేనే పడుతుంది. లారీ అవతల ఒడ్డున ఉంది. మేము పోతే ఆయన ఇక్కడే ఉంటాడు, బతికే ఉంటాడు, ఒక్కడే ఉంటాడు. రేడియో చెప్పింది కూడా అదే.

"రాడా?"

"రాడు."

"మనం పోతే?"

"ఆట అయిపోతది. ఆయన ఈడ్నే ఉంటడు."

"ఆగు జర," అంది.

ఆగాను. నా వేళ్ళు కీల మీద ఉన్నాయి, నొక్కలేదు. ఆమె ఆయన మీదినుంచి చూపు తిప్పలేదు. గాలి చప్పుడు, నీళ్ళ చప్పుడు. ఆయన అప్పుడప్పుడు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. అంతకన్నా ఆయనకేమీ రాదు. అన్న చివరి రోజుల్లో మంచం మీద కూర్చుని శ్వాస కోసం అట్లాగే ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఒరిగేవాడు. బయట ఎవరో ట్యాంకర్ వచ్చిందని బిందెలు తీసుకొని పోతున్నారు. ఆమె లేవలేదు.

"ఇగ బందు చెయ్యి," అంది చాలాసేపటికి. లారీ ఎక్కలేదు. అట్లాగే మూసేశాను.

ఏడాది మాసికం తాండూరులోనే జరిగింది. బిడ్డ హాస్టల్ నుంచి వచ్చింది. వదిన బిడ్డకు అంతా చెప్పిందని ఆ పిల్ల ముఖం చూస్తే తెలిసింది, తండ్రి గురించి భయం లేదు ఆ ముఖంలో. మధ్యాహ్నం డాబా మీద విస్తరి పెట్టాం. బోటి కూర, జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. మేనమామ వెనక్కి జరుగుండ్రి అన్నాడు. అందరం గోడ వారకు జరిగాం.

కాకి రాలేదు. కాసేపటికి మేనమామ గొంతు సవరించుకొని వదినను చూశాడు. "ముసలాయన్ని తోల్కొస్త అని మాటిచ్చినవు కదనే. దొరికిండా?"

నేను తల దించుకున్నాను. వదిన పోయిన ఏడు లాగానే కొంగు సర్దుకొని రెండడుగులు ముందుకు పోయింది. మేనమామను కాదు, విస్తరిని చూసి చెప్పింది.

"దొరికిండు. కిందికెళ్ళే పోయినం, నువ్వన్నట్టే. నీళ్ళల్లకు దిగడంట. ఒడ్డుకే ఉన్నడు. నాతోని కాలే. తిను."

కాకి వచ్చింది. ఆ డాబా మీదికి కాకులు రోజూ వస్తాయి, పక్కింట్లో కోళ్ళు కోస్తారు. అది తినేదాకా వదిన కదలకుండా నిలబడింది. తరవాత విస్తరి ఎత్తకుండానే, అందరికంటే ముందు మెట్లు దిగిపోయింది.